పరికరం వెంట మనిషి కూడా రావాలి

అమెరికాలో బడుల నిర్వహణ చాలావరకు స్థానికుల చేతుల్లోనే ఉంటుంది. ఒక పట్నానికో, చుట్టుపక్కల నాలుగైదు ఊళ్లకు కలిపో ఒక స్కూల్ డిస్ట్రిక్ట్ ఉంటుంది. దానికి ఓట్లతో ఎన్నికైన బోర్డు, ఆ ఊళ్ల ఆస్తి పన్ను నుంచి వచ్చే రాబడి, సొంత ఉపాధ్యాయ నియామకాలు ఉంటాయి. దేశం మొత్తం మీద ఇలాంటివి 13 వేలకు పైగా ఉన్నాయి. వాటిలో సుమారు సగం పల్లె ప్రాంతాలవే అయినా, దేశంలోని విద్యార్థుల్లో ఐదో వంతు మందే అక్కడ చదువుతారు. న్యూయార్క్ నగరంలో బడిపిల్లల సంఖ్య లక్షల్లో ఉంటే, మోంటానా, నెబ్రాస్కా మైదానాల్లోని కొన్ని డిస్ట్రిక్టుల్లో అన్ని తరగతులూ కలిపినా మూడు వందల మంది ఉండరు. చట్టం మాత్రం అందరికీ ఒక్కటే. చూపు లేని పిల్లవాడికి తెరమీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్, మాట రాని అమ్మాయి తరఫున పలికే యంత్రం, చెయ్యి స్వాధీనంలో లేనివాడు రాయడానికో మార్గం: ఏది అవసరమైతే అది బడే ఉచితంగా సమకూర్చాలి. పెద్ద నగరం ఇందుకోసం ఒక విభాగాన్నే నడపగలదు. మూడు వందల మంది పిల్లలున్న పల్లె ఏం చేయాలి? దీనికి అక్కడ దొరికిన జవాబు, ఇంకా దొరకని జవాబు, రెండూ మన మండలాలకు పనికివస్తాయి.

ముందు చట్టం ఏమంటుందో చూడాలి. వైకల్యం ఉన్న ప్రతి బిడ్డకూ ఉచితంగా, తగిన విద్య అందాలని అమెరికా 1975లో చట్టం చేసింది. 1990 సవరణల్లో సహాయ పరికరాలకు నిర్వచనం చేర్చింది. ఆ నిర్వచనం చాలా విశాలమైనది. పిల్లవాడి పనిచేసే సామర్థ్యాన్ని పెంచేది, నిలిపేది, మెరుగుపరిచేది ఏదైనా అందులోకి వస్తుంది. పెన్సిల్‌కు తొడిగే రబ్బరు పట్టు నుంచి కంటిచూపుతో నడిచే కంప్యూటరు దాకా అన్నీ పరికరాలే. శస్త్రచికిత్స చేసి శరీరంలో అమర్చేవి మాత్రమే మినహాయింపు. ఈ చట్టంలోని అసలు వివేకం దాని పక్కనే ఉన్న రెండో నిర్వచనంలో ఉంది. అది పరికరంతో పాటు అందాల్సిన సేవ గురించి చెబుతుంది. పిల్లవాడి అవసరాన్ని అతను మసలే చోటనే పరిశీలించడం, పరికరాన్ని ఎంచడం, అతనికి సరిపడేలా అమర్చడం, చెడితే బాగుచేయించడం, పిల్లవాడికీ ఇంట్లోవాళ్లకూ ఉపాధ్యాయులకూ నేర్పించడం, ఇవన్నీ హక్కులో భాగాలే. 1997 నుంచి ప్రత్యేక విద్య పొందే ప్రతి పిల్లవాడి విషయంలోనూ పరికరం అవసరమా కాదా అని బడి బృందం ఆలోచించి తీరాలి. పిల్లలు బడిలో పెట్టుకునే వినికిడి యంత్రాలు సరిగా పనిచేస్తున్నాయో లేదో చూసుకునే బాధ్యత కూడా నిబంధనల్లో బడిమీదే ఉంది. అవసరమని బృందం నిర్ణయిస్తే, బడి కొన్న పరికరాన్ని ఇంటికి కూడా పంపాలి. అంటే పరికరాన్ని చేతికిచ్చినంత మాత్రాన బడి బాధ్యత తీరిపోదని చట్టమే అంటోంది.

చట్టం ఇంత పట్టుదలగా సేవ గురించి ఎందుకు మాట్లాడిందో 1993లో ఫిలిప్స్, ఝావో ప్రచురించిన అధ్యయనం చూస్తే అర్థమవుతుంది. వాళ్లు సహాయ పరికరాలు వాడే 227 మంది పెద్దవాళ్లను అడిగి చూశారు. అందిన పరికరాల్లో 29.3 శాతాన్ని పూర్తిగా వదిలేశారని తేలింది. ఎందుకు వదిలేశారన్నది అంతకన్నా ముఖ్యం. ఎంచేటప్పుడు వాడే మనిషి అభిప్రాయం అడగకపోవడం, మరీ తేలిగ్గా చేతికందడం, పరికరం సరిగా పనిచేయకపోవడం, కాలం గడిచేకొద్దీ అవసరం మారిపోవడం ముఖ్య కారణాలుగా కనిపించాయి. తేలిగ్గా అందడం నష్టమెలా అవుతుందని అనిపించవచ్చు. పరీక్షించకుండా, వాడి చూడకుండా, పరిచయం ఉన్న రకాన్నే ఇచ్చేస్తే అది సరిపడే అవకాశం తక్కువ, అంతే. తమకేం కావాలో చెప్పుకోగల పెద్దవాళ్ల సంగతే ఇలా ఉంటే, నోరు విప్పి చెప్పలేని, ఏటేటా ఎదిగే, ఏటేటా తరగతి మారే పిల్లల విషయంలో ఎంత జాగ్రత్త కావాలో ఊహించవచ్చు. నేను ఇక్కడ చెప్పదలచింది ఒక్కటే. పల్లె బడిలో లోటు పరికరాలదని అనుకుంటాం గానీ, అసలు లోటు ఆ పరికరాన్ని పిల్లవాడి రోజువారీ చదువులో నిలబెట్టే మనిషిది. ఆ మనిషిని ఏ చిన్న డిస్ట్రిక్టూ ఒంటరిగా పోషించలేదు. కలిసి పోషించుకోవాలి.

ఒంటరిగా ఎందుకు పోషించలేదో చెప్పడానికి చిన్న లెక్క చాలు. అమెరికా ప్రభుత్వ బడుల్లో సుమారు 15 శాతం మంది పిల్లలు ఈ చట్టం కింద ప్రత్యేక విద్య పొందుతున్నారు. మూడు వందల మంది ఉన్న డిస్ట్రిక్టులో ఆ లెక్కన 45 మంది అవుతారు. వాళ్లలో ఎక్కువమందికి చదవడంలోనో, మాట స్పష్టతలోనో, ఏకాగ్రతలోనో ఇబ్బంది ఉంటుంది. బ్రెయిలీ నేర్వాల్సిన బిడ్డ ఒకరు ఉండవచ్చు, పదేళ్లపాటు ఒక్కరూ లేకపోవచ్చు. కంటిచూపుతో అక్షరాలు ఎంచుకునే యంత్రం కావాల్సిన బిడ్డ ఇరవై ఏళ్లకు ఒకరు రావచ్చు. ఆ ఒక్కరి కోసం నిపుణుణ్ణి ఏడాది పొడవునా జీతమిచ్చి పెట్టుకోవడం ఆ ఊరి వల్ల కాదు. అలాగని ఆ బిడ్డ హక్కు తగ్గదు. పెద్ద నగరంలో ఇలాంటి పిల్లలు వందల మంది ఉంటారు కాబట్టి నిపుణులకు పని, అనుభవం రెండూ దొరుకుతాయి. పల్లెలో నిపుణులను తెచ్చుకున్నా, అరుదుగా కనిపించే అవసరం మీద చెయ్యి తిరగదు. పైగా అంతా ఒకరిద్దరు ఉపాధ్యాయుల మీద నడుస్తుంది. పోయినేడు ఆ యంత్రం వాడకం నేర్చుకున్న టీచరమ్మ ఈ ఏడు వేరే ఊరికి మారితే, ఆ తెలివిడి కూడా ఆమెతోపాటే వెళ్లిపోతుంది. పరికరం మాత్రం బీరువాలో మిగులుతుంది.

ఆ తెలివిడి ఎలాంటిదో కూడా తెలుసుకోవాలి, ఎందుకంటే కొట్లో సరుకు ఎంచినట్టు పరికరాన్ని ఎంచలేం. ఈ రంగంలో బాగా వాడుకలో ఉన్న పద్ధతిని జాయ్ జబాలా అనే అమెరికన్ నిపుణురాలు 1990ల్లో రూపొందించారు. అందులో నాలుగు మెట్లు: పిల్లవాడు, పరిసరం, పని, ఆ తర్వాతే పరికరం. మస్తిష్క పక్షవాతం వల్ల చేతివేళ్లు సరిగా ఆడని పిల్లవాడిని ఊహించుకోండి. వాడికి ట్యాబ్లెట్ కొనిద్దామని ఎవరికైనా మొదట తోస్తుంది. జబాలా పద్ధతిలో మొదటి ప్రశ్న వేరు. వాడి శరీరంలో ఏ కదలిక నమ్మకంగా వాడి అదుపులో ఉంది: మోచెయ్యా, తలా, కళ్లా? తర్వాత, తరగతి గదిలో బల్ల ఎత్తెంత, వాడు కూర్చునే తీరు ఎలా ఉంది, పక్కన ఎవరుంటారు? ఆ తర్వాత, వాడు చేయాల్సిన పని ఏది: లెక్క వేయడమా, వ్యాసం రాయడమా, స్నేహితుడి ప్రశ్నకు వెంటనే బదులివ్వడమా? ఇవి తెలిశాక పరికరం దానంతటదే తేలుతుంది. ఒక్కోసారి అది వేల డాలర్ల యంత్రం కావచ్చు, ఒక్కోసారి వాలుగా పెట్టిన చెక్కపలక, అరచేత్తో నొక్కే ఒక పెద్ద మీట సరిపోవచ్చు. వరస తలకిందులై పరికరంతో మొదలుపెడితే, ఎంత ఖరీదైనదైనా మూలన పడుతుంది. ఈ నాలుగు ప్రశ్నలూ అడగడానికి బడికి వచ్చి, కూర్చుని, చూసే మనిషి కావాలి.

అలాంటి మనిషిని పంచుకునే ఏర్పాటు అమెరికాలో ఇంతకుముందే ఉంది. న్యూయార్క్ రాష్ట్రం 1948లోనే చిన్న డిస్ట్రిక్టులు కలిసి సేవలు పొందే సహకార బోర్డులకు చట్టం చేసింది. టెక్సాస్‌లో 20 ప్రాంతీయ సేవా కేంద్రాలు, పెన్సిల్వేనియాలో 29 మధ్యస్థ సంస్థలు ఉన్నాయి. అయోవా 1974 చట్టంతో ఏరియా ఎడ్యుకేషన్ ఏజెన్సీలను ఏర్పరచింది. ఏ ఒక్క ఊరూ పెట్టుకోలేని వాక్ చికిత్సకులు, వినికిడి నిపుణులు, సహాయ పరికరాల నిపుణులు ఈ సంస్థల్లో ఉద్యోగులుగా ఉండి వారంలో ఒక్కో రోజు ఒక్కో ఊరికి వెళతారు. పక్కనే అరువు గ్రంథాలయాల పద్ధతి కూడా పెరిగింది. పెన్సిల్వేనియాలో విద్యాశాఖ శిక్షణ సంస్థ పాటన్ బడులకు పరికరాలను కొద్దికాలం అరువిస్తుంది. పిల్లవాడు వాడి చూశాకే కొనాలో వద్దో బడి తేల్చుకోవచ్చు. 1988లో మొదలై 2022లో మళ్లీ పొడిగించిన సహాయ సాంకేతికత చట్టం కింద రాష్ట్రాల్లో, సమాఖ్య పాలనలోని ఇతర ప్రాంతాల్లో కలిపి 56 కార్యక్రమాలు నడుస్తున్నాయి. పరికరాలను చూపించడం, అరువివ్వడం, వాడినవాటిని బాగుచేసి మరొకరికి చేర్చడం, కొనేందుకు ఆర్థిక సాయం అందించడం వాటి పని. ఫిలిప్స్, ఝావో గుర్తించిన జబ్బుకు అరువు పద్ధతే నేరుగా తగిలే మందు. కొనకముందే వాడి చూసే అవకాశం వస్తే, వాడేవాళ్ల మాటకు విలువ దానంతటదే వస్తుంది.

అయితే ప్రాంతీయ నిపుణులు వారానికో నెలకో ఒకసారి వస్తారు. బిడ్డ మాత్రం రోజూ బడికి వస్తుంది. సోమవారం నిపుణురాలు అమర్చిన మీట మంగళవారం జారిపోతే, మాట్లాడే యంత్రానికి రాత్రి చార్జింగ్ పెట్టడం మరిచిపోతే, సైన్సు టీచరు కొత్త పాఠం మొదలుపెట్టినప్పుడు దాని మాటలు యంత్రంలో లేకపోతే, వచ్చే సందర్శన దాకా ఆ బిడ్డ తరగతిలో మౌనంగా కూర్చోవాలి. అందుకే పంచుకున్న నిపుణులకు తోడు ప్రతి బడిలోనూ పేరుపెట్టి బాధ్యత అప్పగించిన మనిషి ఉండాలి. ఆ మనిషి నిపుణులు కానక్కర్లేదు. తరగతి సహాయకురాలు కావచ్చు, లైబ్రేరియన్ కావచ్చు. ఉదయాన్నే యంత్రం పనిచేస్తోందో లేదో చూడటం, చిన్న చిక్కును విప్పడం, పెద్ద చిక్కయితే ఎవరికి ఫోన్ చేయాలో తెలిసి ఉండటం వాళ్ల పని. ఆ పనికి రోజులో కొంత సమయాన్ని బడే కేటాయించాలి, లేకపోతే అది ఎవరి పనీ కాకుండా పోతుంది. ప్రాంతీయ కేంద్రంలో నైపుణ్యం, బడిలో నిత్య సంరక్షణ, ఇంట్లో వాడకం, ఈ మూడూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటేనే ఏర్పాటు నిలుస్తుంది. ఒకటి తెగినా మిగిలిన రెండింటి మీద పెట్టిన ఖర్చు వృథా అవుతుంది.

ఇంత ఏర్పాటుకు డబ్బెక్కడిదన్నది మొదటి అభ్యంతరం, న్యాయమైనది కూడా. ప్రత్యేక విద్య కోసం ఒక్కో విద్యార్థికి దేశ సగటు ఖర్చులో 40 శాతం వరకు ఇస్తామని సమాఖ్య ప్రభుత్వం 1975లో చెప్పింది. ఇటీవలి సంవత్సరాల్లో ఇస్తున్నది 15 శాతం లోపే. మిగతా భారం రాష్ట్రం మీద, ఆ చిన్న ఊళ్ల ఆస్తి పన్ను మీద పడుతుంది. ఈ బాకీ తీర్చమని అడగడం తప్పనిసరి. అయితే డబ్బు తక్కువగా ఉన్నచోటే పంచుకోవడం మరింత అవసరమవుతుంది. ఐదు డిస్ట్రిక్టులు విడివిడిగా ఐదు యంత్రాలు కొని, రెండేళ్ల తర్వాత వాటిలో నాలుగు బీరువాల్లో ఉంచుకోవడం కన్నా, ఒకే యంత్రం ఐదు ఊళ్ల మధ్య అరువు మీద తిరగడం చవక. పైగా పిల్లల అవసరాల్లో చాలావాటికి ఖరీదైన యంత్రం అక్కర్లేదు. కంప్యూటరు తెరను చదివి వినిపించే ఎన్‌వీడీఏ పూర్తిగా ఉచితం. వైకల్యం వల్ల అచ్చు పుస్తకం చదవలేని అమెరికన్ విద్యార్థులకు బుక్‌షేర్ గ్రంథాలయం డబ్బు తీసుకోకుండా పుస్తకాలు ఇస్తుంది. వీటిని ఎవరికి, ఎప్పుడు, ఎలా ఇవ్వాలో తెలిసిన మనిషి జీతమే అసలు ఖర్చు. ఆ ఖర్చును తగ్గించుకోబోతే మిగతా పొదుపులన్నీ నష్టాలుగా మారతాయి.

ఇప్పుడు ప్రతి ట్యాబ్లెట్‌లోనూ చదివి వినిపించే సదుపాయం, మాట చెబితే రాసుకునే సదుపాయం ఉన్నాయి కదా, ఇక నిపుణులెందుకని కొందరు అడుగుతారు. అవసరమైతే వీడియో కాల్‌లో సలహా తీసుకోవచ్చని ఇంకొందరంటారు. రెండింటిలోనూ నిజముంది. కరోనా కాలంలో బడులు పిల్లలకు పంచిన కంప్యూటర్లలో ఈ సదుపాయాలు చాలావరకు ముందే ఉన్నాయి. ఉపాధ్యాయులకు శిక్షణనివ్వడానికి, వారం వారం సందేహాలు తీర్చడానికి వీడియో బాగా పనికివస్తుంది, దూరాలెక్కువైన పల్లెలకు అది వరమే. కానీ సదుపాయం యంత్రంలో దాగి ఉండటం వేరు, పిల్లవాడు పాఠంలో దాన్ని వాడటం వేరు. ఏ మీట నొక్కాలో ఎవరో చూపాలి, పాఠం ఫొటోగా కాకుండా చదవగలిగే అక్షరాలుగా యంత్రానికి అందాలి, పరీక్షలో కూడా దాన్ని వాడుకోవడానికి అనుమతి ముందుగానే రాసి ఉండాలి. ఇక కూర్చునే భంగిమ సరిచేయడం, తల పక్కన మీట బిగించడం, కంటి కదలికకు యంత్రాన్ని సరిచూడటం వంటివి ఎదురుగా మనిషి ఉంటేనే సక్రమంగా జరుగుతాయి. అందువల్ల సందర్శనల మధ్య ఖాళీని నింపడానికి వీడియోను వాడుకోవాలి, సందర్శనలను ఎత్తేయడానికి కాదు.

యంత్రానికి అలవాటు పడితే పిల్లవాడు సొంతంగా నేర్చుకోడన్న భయం తల్లిదండ్రుల్లోనూ ఉపాధ్యాయుల్లోనూ బలంగా ఉంటుంది. అది పిల్లల మీది ప్రేమతో పుట్టిన భయం కాబట్టి రుజువుతోనే జవాబివ్వాలి. మాట రాని పిల్లలకు బొమ్మల పలకలు, పలికే యంత్రాలు ఇస్తే నోటిమాట వెనకబడుతుందా అని మిల్లర్, లైట్, ష్లోసర్ 2006లో అంతవరకు వచ్చిన అధ్యయనాలను సమీక్షించారు. గట్టి రుజువు ఉన్న 27 మందిలో 89 శాతం మందికి మాట పెరిగింది, మిగిలినవారిలో మార్పు లేదు, తగ్గినవారు ఒక్కరూ లేరు. చదవడంలో ఇబ్బంది ఉన్న పిల్లవాడి విషయంలో తర్కం ఇంకా సూటిగా ఉంటుంది. అక్షరాలు కూడబలుక్కోవడం నేర్పే పీరియడ్‌లో ఆ సాధన సాగాల్సిందే. కానీ వాడికి చదవడం వచ్చేదాకా సామాన్యశాస్త్రం, చరిత్ర ఆగి ఉండవు. ఆ పుస్తకాన్ని చెవితో వినే మార్గం లేకపోతే, ఒక ఇబ్బంది కాస్తా నాలుగైదు సబ్జెక్టుల వెనకబాటుగా మారుతుంది. ఏ పనికి యంత్రం సాయం కావాలో, ఏ పనికి సొంత సాధన కావాలో విడదీసి చెప్పగలిగేది కూడా ఆ తెలిసిన మనిషే.

చివరి అభ్యంతరం అధికారానికి సంబంధించింది. ప్రాంతీయ సంస్థలు ఊరికి దూరంగా ఉండి, కార్యాలయ సిబ్బందిని పెంచుకుంటూ, బడి అడిగింది కాక తమకు తోచింది ఇస్తాయని విమర్శ ఉంది. అయోవాలో ఈ వాదం మీదే 2024లో చట్టం మార్చి, ఏజెన్సీలకు వెళ్లే నిధుల్లో కొంత భాగాన్ని నేరుగా డిస్ట్రిక్టులకు మళ్లించారు. జవాబుదారీ కావాలన్న కోరిక సరైనదే. ఊరి బోర్డు తన పిల్లల గురించి ప్రశ్నించగలగాలి. కానీ డబ్బును చిన్నచిన్న వాటాలుగా విడగొట్టినప్పుడు ఎవరికి లాభమో చూడాలి. పెద్ద డిస్ట్రిక్టు తన వాటాతో సొంతంగా ఒక నిపుణుణ్ణి నియమించుకోగలదు. చిన్న డిస్ట్రిక్టు వాటా ఒక మనిషి జీతంలో కొద్ది భాగానికే సరిపోతుంది, ఆ కొద్ది భాగానికి మనిషి దొరకరు. పెద్దవి బయటికి వెళ్లిపోతే ఉమ్మడి సంస్థ కూడా బలహీనపడుతుంది, దాని మీదే ఆధారపడిన చిన్నవి ముందుగా నష్టపోతాయి. సంస్థ సరిగా పనిచేయకపోతే దాని పనిని కొలిచి సరిదిద్దాలి తప్ప, పంచుకునే సూత్రాన్నే వదులుకోకూడదు.

ఈ కథలో మన మండలాలు దూరంగా లేవు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం, నిర్దేశిత స్థాయి వైకల్యమున్న విద్యార్థులకు పద్దెనిమిదేళ్ల వయసు దాకా పుస్తకాలు, తగిన సహాయ ఉపకరణాలు ఉచితంగా ఇవ్వాలంటోంది. సమగ్ర శిక్ష పథకం కింద ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒక్కొక్కరికి ఏడాదికి 3,500 రూపాయల వరకు కేటాయింపు ఉంది. కాన్పూరులోని అలింకో సంస్థ తయారుచేసిన వీల్‌చైర్లు, ట్రైసైకిళ్లు, కాలిపర్లు, వినికిడి యంత్రాలు శిబిరాల్లో పంపిణీ అవుతాయి. మండల స్థాయిలో ఈ పిల్లల కోసం భవిత కేంద్రాలు, అక్కడ సహిత విద్య రిసోర్స్ పర్సన్లు ఉన్నారు. అమెరికా పల్లెలు కష్టపడి కట్టుకున్న ఉమ్మడి అంచె రూపంలోనైనా మన దగ్గర ఇప్పటికే ఉందన్నమాట. తెలుగు చదివి వినిపించే గొంతులు ఆండ్రాయిడ్ ఫోన్లలోకి వచ్చాయి, ఎన్‌వీడీఏ కూడా తెలుగు చదువుతుంది. అచ్చు చదవలేనివారికి పుస్తకాలు చేరేందుకు వీలు కల్పించే మరాకేష్ ఒప్పందాన్ని ప్రపంచంలో అందరికన్నా ముందు, 2014లో, ఆమోదించిన దేశం మనదే. అలాంటివారి కోసం సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం 2016లో మొదలైంది. ప్రాథమిక దశలో పదిమంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒకరు, పై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు చొప్పున ప్రత్యేక ఉపాధ్యాయులు ఉండాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది.

మనకు తక్కువైంది పంపిణీకీ పాఠానికీ మధ్య లంకె. శిబిరంలో ఉపకరణాన్ని కొలత చూసి ఇస్తారు, ఎదిగే బిడ్డకు ఆ కొలత ఎంతోకాలం నిలవదు. వినికిడి యంత్రం బ్యాటరీ అయిపోయాక కొత్తది ఎవరు కొనాలో రాసి ఉండదు. కాబట్టి మొదట చేయాల్సినవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. ఉపకరణం ఇచ్చిన రోజే బడిలో దాని బాధ్యత ఏ ఉపాధ్యాయుడిదో, రిసోర్స్ పర్సన్ మళ్లీ ఎప్పుడు వచ్చి చూస్తారో పిల్లవాడి రికార్డులో రాయాలి. రెండు మూడు మండలాల భవిత కేంద్రాలకు కలిపి ఒక అరువు పెట్టె, చిన్న మరమ్మతులు తెలిసిన ఒక మనిషి ఉండాలి. ఊరూరూ తిరిగే రిసోర్స్ పర్సన్లకు తగిన జీతం, ఉద్యోగ భద్రత కల్పించాలి, లేకపోతే నేర్చుకున్న మనిషి వెళ్లిపోయినప్పుడల్లా మళ్లీ మొదటికొస్తాం. అన్నిటికన్నా ముఖ్యంగా, నివేదికల్లో ఎన్ని ఉపకరణాలు పంచామన్న అంకె పక్కన ఆరు నెలల తర్వాత వాటిలో ఎన్ని తరగతి గదిలో వాడకంలో ఉన్నాయన్న అంకె కూడా అడగాలి. అధికారులు ఏ అంకె చెప్పాల్సివస్తే ఆ పనే చేస్తారు. రెండో అంకెను అడిగే తల్లిదండ్రులు, పాఠశాల యాజమాన్య కమిటీలు, పత్రికలు ఉంటే, పరికరం వెంట మనిషి కూడా బడికి వచ్చే రోజు త్వరగానే వస్తుంది.